ఆకుబుట్టలో ఆవిరివంట

నగరం అనగానే మీకు మేడలూ, మోటారు కార్లూ, సినిమా హాళ్లూ గుర్తుకు వస్తాయి. కాని కోనసీమలో నగరం అనే పేరుగల పల్లెటూరు ఒకటి ఉన్నది. అక్కడ మేడలకన్న కొబ్బరిచెట్లు ఎక్కువ.

గోదావరి నది ధవళేశ్వరం దాటాక గౌతమి, వసిష్ఠ అనే పాయలుగా చీలిపోతుంది. ఆ రెండు పాయలకూ, బంగాళాఖాతానికీ నడుమ ఉన్న పచ్చని భూమే కోనసీమ. వసిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ అనే పాయ చీలుతుంది. వసిష్ఠకూ, వైనతేయకూ మధ్య, మామిడికుదురు మండలంలో ఉన్నది మన నగరం. ఈ ఊరు గరాజీలకు పేరుపడింది. బియ్యప్పిండితో చేసి, నూనెలో వేయించే తీపివంట అది. వైనతేయ దాటి అవతలికి పోతే అంబాజీపేట వస్తుంది. అది కొబ్బరి వర్తకానికి ఎంత పేరుపడిందో, పొట్టిక్కలకూ అంత పేరుపడింది.

ఒక పట్నం కుర్రవాడు వేసవి సెలవులకు నగరంలో ఉన్న అమ్మమ్మగారింటికి వచ్చాడు. వచ్చిన రోజున గరాజీలు తిన్నాడు. మర్నాడు పొద్దున అమ్మమ్మ వాడి ముందు కంచం పెట్టింది. కంచంలో ఆకులతో కుట్టిన చిన్న బుట్ట ఒకటి ఉన్నది. దాని నిండా తెల్లగా, పొంగి, పొగలు కక్కుతూ ఏదో ఉన్నది.

"ఇదేమిటి అమ్మమ్మా? ఆకు కూడా తినాలా?" అన్నాడు వాడు.

"ఆకు తినకూడదురా నాన్నా! ఆకులో ఉన్నది తినాలి. ఇది పొట్టిక్క," అన్నది అమ్మమ్మ.

వాడు పుల్లలు తీసి, ఆకు ఒలిచి, ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

"ఓస్! ఇది ఇడ్లీయే కదా! ఇంట్లో ఇడ్లీపాత్ర ఉండగా ఇంత శ్రమపడి ఆకులు కుట్టడం దేనికి?" అన్నాడు.

అమ్మమ్మ నవ్వి, "మళ్లీ తిని చూడు. ఇడ్లీకి ఈ వాసన ఉన్నదా?" అన్నది.

వాడు మళ్లీ తిన్నాడు. నిజమే, అందులో పనసాకు వాసన తెలుస్తున్నది. పైగా ఇడ్లీకన్న మెత్తగా కూడా ఉన్నది. కాని వాడి ప్రశ్న వాడికి ఉండనే ఉన్నది. ఆకులో పెడితే వంట ఎలా ఉడుకుతుంది? ఆకు ఎందుకు మాడిపోదు? ఆకు బదులు కాగితం పెడితే ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు జవాబులు తెలుసుకుంటే, మీరు కూడా పెద్దవాళ్ల సాయంతో పొట్లంలో వంట చేయవచ్చు.

పొట్టిక్క ఎలా చేస్తారు?

ముందు పనస ఆకులు కోయాలి. మరీ లేత ఆకులు చిరుగుతాయి, మరీ ముదురువి వంచితే విరుగుతాయి. నడితరం ఆకులు మంచివి. తొడిమ తుంచగానే తెల్లని పాలు కారుతాయి. అది జిగురు. చేతికి అంటితే నీళ్లకు పోదు, కాస్త నూనె రాసి తుడిస్తే పోతుంది. ఆకులను బాగా కడిగి, తుడిచి పెట్టుకోవాలి.

నాలుగు ఆకులు తీసుకుని, వాటి కొసలు నడుమ ఒకదానిమీద ఒకటి వచ్చేలాగ, కూడిక గుర్తు ఆకారంలో పరచాలి. నడుమ ఈనెపుల్లతో గుచ్చాలి. కొబ్బరాకు ఈనెను చిన్న ముక్కలు చేస్తే ఈ పుల్లలు వస్తాయి. తరువాత పక్కపక్కన ఉన్న రెండేసి ఆకుల అంచులను పైకెత్తి, ఒకదానిమీద ఒకటి మడిచి, మళ్లీ పుల్ల గుచ్చాలి. నాలుగు వైపులా ఇలా చేసేసరికి బుట్ట తయారవుతుంది. మొదటి బుట్ట వంకరగా వస్తుంది. పదో బుట్టకు చెయ్యి తిరుగుతుంది.

పిండి మామూలు ఇడ్లీపిండే. ఒక గ్లాసు మినప్పప్పు నాలుగైదు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బి, రెండు గ్లాసుల బియ్యపు రవ్వను కడిగి పిండి, అందులో కలిపి, ఉప్పు వేసి రాత్రంతా ఉంచాలి. తెల్లవారేసరికి పిండి పొంగి ఉంటుంది. పిండిని పొంగించినది ఎవరు? మన కంటికి కనబడని సూక్ష్మజీవులు. వాటిలో ల్యూకొనాస్టాక్ అనే జాతి ముఖ్యమైనది. ఇవి పిండిలోని చక్కెరలను తిని లాక్టిక్ ఆమ్లాన్నీ, బొగ్గుపులుసు వాయువునూ తయారుచేస్తాయి. ఆమ్లంవల్ల పిండికి కొద్దిపాటి పులుపు వస్తుంది. వాయువు బుడగలుగా పిండిలో చిక్కుకుని దాన్ని ఉబ్బిస్తుంది.

బుట్టలో మూడు వంతులకు రెండు వంతులు మాత్రమే పిండి పోయాలి. ఎందుకంటే వేడికి బుడగలు ఇంకా పెద్దవవుతాయి, పిండి పైకి లేస్తుంది. అడుగున నీళ్లు పోసిన పాత్రలో, నీళ్లు తగలకుండా చిల్లుల పళ్లెం మీద బుట్టలు పెట్టి మూత వేయాలి. ఇడ్లీకి పది పన్నెండు నిమిషాలు చాలును. పొట్టిక్క లోతుగా ఉంటుంది గనక ఆవిరి వేడి నడిమి దాకా పోవడానికి ఇరవై నుంచి ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. పుల్ల గుచ్చి చూస్తే పిండి అంటుకోకుండా రావాలి.

ఉడికాక ఒక చిత్రం గమనించండి. పెట్టినప్పుడు పచ్చగా నిగనిగలాడిన ఆకు, తీసేటప్పటికి ముదురు చింతాకు రంగుకు, గోధుమరంగుకు మారి ఉంటుంది. ఆకుకు పచ్చరంగునిచ్చేది పత్రహరితం. దాని అణువు నడుమ మెగ్నీషియం అనే లోహం ఉంటుంది. వేడికీ, ఆకులోని ఆమ్లాలకూ ఆ మెగ్నీషియం ఊడిపోతుంది. అది పోగానే పచ్చదనం కూడా పోతుంది.

నీరు కాపలా కాస్తుంది

ఇప్పుడు ఆకు ఎందుకు మాడిపోదో చూద్దాం. దీన్ని తెలుసుకోవడానికి ఒక పాత ప్రయోగం ఉన్నది. ఇది ఒంటరిగా చేయకండి. నాన్నగారో, అమ్మో, మేష్టారో పక్కన ఉండాలి.

మందమైన తెల్లకాగితాన్ని మడిచి చిన్న దొన్నెలాగ చేయండి. అందులో సగానికి పైగా నీళ్లు పోయండి. పెద్దవాళ్లు దాన్ని పటకారుతో పట్టుకుని, నీళ్లు ఉన్న భాగం కింద కొవ్వొత్తి మంట తగిలేలాగ ఉంచాలి. కాగితం అంటుకుంటుందని మీరు అనుకుంటారు. అంటుకోదు! కాసేపటికి నీళ్లు వేడెక్కి పొగలు వస్తాయి. కాగితం కొద్దిగా మసిబారుతుంది, అంతే.

కాగితం అంటుకోవాలంటే 200 డిగ్రీలు దాటిన వేడి కావాలి. కాని నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర మరిగి ఆవిరవుతుంది. మంట ఎంత పెంచినా, నీరు ఉన్నంత సేపూ ఆ నీరు 100 డిగ్రీలు దాటదు. అదనంగా వచ్చిన వేడి అంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. మంట ఇచ్చిన వేడిని నీరు ఎప్పటికప్పుడు లాక్కుపోతుంది గనక కాగితం కాలదు. నీరు అయిపోయిన మరుక్షణం కాగితం భగ్గుమంటుంది.

ఆకుబుట్ట సంగతి కూడా ఇంతే. దాని చుట్టూ ఆవిరి, లోపల తడిపిండి. 100 డిగ్రీలకు మించి వేడి అక్కడికి రాదు. గరాజీలు వేగే నూనె సంగతి వేరు. నూనె 170, 180 డిగ్రీల దాకా కాగుతుంది. అంచేత గరాజీలు ఎర్రబడి కరకరలాడతాయి, పొట్టిక్కలు తెల్లగా, మెత్తగా ఉండిపోతాయి. రెండూ బియ్యం వంటలే. ఒకదానికి నూనె, ఒకదానికి నీరు. అంతలో ఎంత తేడా వచ్చిందో చూడండి!

నూనెకన్న చల్లనిదైన ఆవిరి, వంటను ఎలా ఉడికించగలుగుతుంది? ఒక గ్రాము నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు మరిగించడానికి 70 కేలరీల వేడి కావాలి. కాని మరిగిన ఆ గ్రాము నీటిని ఆవిరిగా మార్చడానికి మరి 540 కేలరీలు కావాలి. ఆ 540 కేలరీలనూ ఆవిరి తనలో దాచుకుని ఉంటుంది. ఆకుబుట్టకు తగిలి మళ్లీ నీటిబొట్టుగా మారేటప్పుడు, దాచుకున్న వేడినంతా అక్కడ వదిలేస్తుంది. ఆ వేడితోనే పిండి ఉడుకుతుంది.

ఇదే కారణంచేత ఆవిరి ప్రమాదకరమైనది కూడా. ఒక గ్రాము మరిగే నీరు ఒంటిమీద పడి, ఒంటి వేడికి చల్లారేలోగా సుమారు 63 కేలరీలు మనకు ఇస్తుంది. ఒక గ్రాము ఆవిరి తగిలితే ఆ 63తో పాటు 540 కూడా ఇస్తుంది. అంటే సుమారు పదింతలు! మూత తీసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుని, అవతలివైపు నుంచి మూత ఎత్తమని అమ్మ చెప్పేది ఇందుకే.

తోలు కాగితం కథ

ఇక కాగితం సంగతి. ఫ్రాన్సు దేశంలో చేపనో, కూరగాయలనో కాగితపు పొట్లంలో చుట్టి, అంచులు గట్టిగా మడిచి, పొయ్యి అరలో పెట్టి వండే పద్ధతి ఉన్నది. దీనికి వాడేది పార్చ్‌మెంటు కాగితం. మన బజారులో దీన్ని బేకింగ్ పేపరు అనీ, బటర్ పేపరు అనీ అమ్ముతారు.

పార్చ్‌మెంటు అంటే అసలు అర్థం తోలు. పూర్వం యూరపులో గొర్రె, మేక, దూడ చర్మాలను శుభ్రంచేసి, గీకి, ఆరబెట్టి వాటిమీద గ్రంథాలు రాసేవారు. మన పూర్వులు తాటాకులమీద రాశారు గదా, వారు తోలుమీద రాశారన్నమాట. తరువాత 1846 ప్రాంతంలో ఫ్రాన్సులో పూమరేద్, ఫిగ్యే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మామూలు కాగితాన్ని గంధకామ్లంలో ముంచి తీస్తే, అది తోలులాగ గట్టిపడుతుందని చూపారు. 1853లో గేన్ అనే ఆయన ఇంగ్లండులో దీనికి పద్ధతి కుదిర్చాడు.

ఇందులో రహస్యం ఏమిటి? కాగితం సన్నని పీచుల అల్లిక. పీచుల నడుమ సందులు ఉంటాయి. అంచేత నీళ్లు పీల్చుకుని నానిపోతుంది, నూనెను పీల్చుకుని మరకపడుతుంది. కాగితాన్ని గంధకామ్లంలో కొద్ది క్షణాలు ముంచితే, పీచుల పైభాగం కరిగి, జిగురులాగ ఉబ్బి, సందులను పూడ్చేస్తుంది. వెంటనే బాగా కడిగి ఆమ్లాన్ని తీసివేస్తారు. ఇలా తయారైన కాగితం తడిసినా చిరగదు, నూనె పీల్చదు. ఈ రోజుల్లో దానిమీద సిలికోను అనే పదార్థాన్ని పలచగా పూస్తారు. అందువల్ల వంట దానికి అంటుకోదు.

మరి మన ఆకు? ప్రతి ఆకుమీదా మైనంవంటి పూత ఒకటి సహజంగానే ఉంటుంది. ఆకులోని నీరు ఎండకు ఆవిరైపోకుండా, వాననీరు లోపలికి దిగకుండా అది కాపాడుతుంది. అరిటాకుమీద నీళ్లు చల్లితే ముత్యాలలాగ దొర్లిపోవడం మీరు చూసే ఉంటారు. పనసాకు మందంగా, పైన నున్నగా ఉంటుంది. ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు కాగితానికి కష్టపడి సంపాదించిపెట్టిన గుణాలు పనసాకుకు పుట్టుకతోనే ఉన్నాయి. పైగా వాసన అదనం!

పొట్లంలో ఏం జరుగుతుంది?

పొట్లం లోపల కూరగాయ ముక్కలు ఉన్నాయనుకోండి. వాటిలో చాలాభాగం నీరే. వేడికి ఆ నీరు ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు చోటు ఆక్రమిస్తుంది. అందువల్లనే అంచులు గట్టిగా మడిచిన కాగితపు పొట్లం పూరీలాగ ఉబ్బుతుంది. ఆ ఆవిరి బయటికి పోలేక ముక్కలచుట్టూ తిరిగి వాటినే ఉడికిస్తుంది. అంటే, కూర తన నీటితో తానే ఉడుకుతుందన్నమాట. వేరే నీళ్లు పోయనక్కరలేదు. నూనె ఒక చెంచా చాలు.

దీనివల్ల రెండు లాభాలున్నాయి. కూరగాయలను ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే, నీటిలో కరిగే సి విటమినూ, కొన్ని బి విటమినులూ ఆ నీళ్లతోపాటు తూములోకి పోతాయి. పొట్లంలో ఊరిన రసం పొట్లంలోనే ఉంటుంది గనక మనం దాన్ని తినేస్తాం. రెండోది వాసన. వంట చేస్తుంటే ఇల్లంతా ఘుమఘుమలాడుతున్నదంటే, ఆ వాసన వంటలోంచి బయటికి పోయినట్టే గదా! పొట్లం కడితే అది పొట్లం విప్పినప్పుడుగాని బయటికి రాదు.

ఈ సంగతిని లోకంలో చాలా జాతులవాళ్లు ఎవరికి వారే కనిపెట్టారు. కర్ణాటక కోస్తాలో మంగుళూరువైపు, పనసాకుల బుట్టల్లోనే కొట్టె కడుబు చేస్తారు. అక్కడే మొగలి ఆకును చుట్టి మూడె అనే ఇడ్లీ కూడా చేస్తారు. ఒరిస్సావాళ్లు పసుపుఆకులో ఎండూరి పిఠా ఉడికిస్తారు. బొంబాయి పార్సీలు కొబ్బరిపచ్చడి పట్టించిన చేపను అరిటాకులో చుట్టి వండుతారు. చైనావాళ్లు వెదురు ఆకుల్లో బియ్యం పొట్లాలు కడతారు. మెక్సికోవాళ్లు మొక్కజొన్న కండెమీది పొరల్లో మొక్కజొన్నపిండి చుట్టి ఉడికిస్తారు. మన అరకులోయలో ఆకు కూడా కాదు, వెదురుబొంగులోనే కోడిమాంసం కూరి నిప్పులమీద కాలుస్తారు. ఏ ఊళ్లో ఏది దొరికితే అదే పాత్ర!

మీరు చేయగల పొట్లాలు

పొయ్యి దగ్గర పని పెద్దవాళ్లది, పొట్లం కట్టే పని మీది. అలా ఒప్పందం చేసుకుని మొదలుపెట్టండి.

కూరగాయల పొట్లం: ఒక కారెట్టు, ఒక బంగాళాదుంప, గుప్పెడు చిక్కుడుకాయలు తీసుకోండి. కారెట్టూ, దుంపా పలచని బిళ్లలుగా తరగాలి. మందంగా తరిగితే చిక్కుళ్లు ఉడికినా దుంప పచ్చిగా ఉండిపోతుంది. ఉప్పు, చిటికెడు పసుపు, రెండు చెంచాల కొబ్బరి కోరు, నాలుగు కరివేపాకు రెబ్బలు, చెంచా నూనె కలపండి. అరిటాకు ముక్కను పెద్దవాళ్లచేత మంటమీద ఆడించి వాడ్చమనండి. వాడ్చని ఆకు మడిస్తే చిరుగుతుంది. ఆకు నడుమ కూర పెట్టి, నాలుగువైపులా మడిచి, అరటినారతో కట్టండి. ఇడ్లీపాత్రలో ఆవిరిమీద ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఉంచాలి.

చేప పొట్లం: ఇది చేపలు తినేవారికి. కడిగిన పలచని ముక్కలకు ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద, కాస్త చింతపండు గుజ్జు పట్టించి, అరగంట ఊరనిచ్చి, వాడ్చిన అరిటాకులో చుట్టి పదిహేను నిమిషాలు ఆవిరిమీద ఉంచాలి. విప్పి చూస్తే ముక్క నడుమ కూడా తెల్లబడి, పొరలు పొరలుగా విడిపోవాలి. అద్దంలాగ మెరుస్తూ ఉంటే ఇంకా ఉడకలేదన్నమాట. అప్పుడు మళ్లీ కట్టి పెట్టాలి.

కాగితపు పొట్లం: అరటిచెట్టు లేని పట్నం ఇళ్లలో ఇవే రెండు వంటలనూ బేకింగ్ పేపరులో చేయవచ్చు. జానెడున్నర చదరపు కాగితం తీసుకుని ఒకపక్కన కూర పెట్టి, రెండో సగం దానిమీదికి మడిచి, అంచులను చిన్న చిన్న మడతలుగా గట్టిగా నొక్కుతూ పోవాలి. దీన్ని కూడా ఆవిరిమీద పెట్టవచ్చు. ఇంట్లో విద్యుత్ పొయ్యి అర ఉంటే 190 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు ఉంచవచ్చు. ఆ కాగితం ఎంత వేడికి ఆగుతుందో దాని పెట్టెమీద అచ్చువేసి ఉంటుంది. పెట్టెమీద అంకె లేకపోతే ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టకండి. కాగితం మంటకు నేరుగా తగలకూడదు.

అన్ని ఆకులూ, అన్ని కాగితాలూ పనికిరావు

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికన్న ముఖ్యమైనది.

పనసాకు మంచిది గదా అని కనబడిన ప్రతి ఆకునూ వంటకు వాడకూడదు. జిల్లేడు, గన్నేరు చూడడానికి అందంగానే ఉంటాయి, కాని అవి విషం. గన్నేరు పుల్లను బుట్టకు గుచ్చడం కూడా ప్రమాదమే. మన పెద్దలు తరతరాలుగా వంటకు వాడుతూ వచ్చిన ఆకులే మనమూ వాడాలి. పనసాకు, అరిటాకు, పసుపుఆకు ఇలాంటివి. పెద్దవాళ్లను అడగకుండా కొత్త ఆకును ప్రయత్నించవద్దు.

వార్తాపత్రిక కాగితం అసలు వద్దు. అచ్చుసిరాలో ఉండే రంగులూ, రసాయనాలూ తిండికి, ముఖ్యంగా వేడిగానూ, నూనెగానూ ఉన్న తిండికి, అంటుకుంటాయి. మన దేశంలో ఆహార భద్రతను చూసే ప్రభుత్వసంస్థ 2016 డిసెంబరులో, వార్తాపత్రికల్లో తినుబండారాలు కట్టవద్దని దేశమంతటికీ హెచ్చరిక చేసింది. బజ్జీల నూనెను కాగితంతో అద్దే అలవాటు మీ ఇంట్లో ఉంటే, ఈ పేజీ వాళ్లకు చదివి వినిపించండి.

ప్లాస్టిక్ సంచిలో వేడిపదార్థం పోయడం, దాన్ని ఆవిరిమీద పెట్టడం కూడా తగదు. మైనపుకాగితం పార్చ్‌మెంటులాగే కనిపిస్తుంది, కాని పొయ్యిలో పెడితే మైనం కరిగి తిండిలో కలుస్తుంది. అల్యూమినియం రేకులో చింతపండు, నిమ్మకాయ, టొమాటో వంటి పుల్లని వంటలు పెడితే, ఆ పులుపు లోహాన్ని కొద్దిగా కరిగిస్తుంది.

ఆకుకు మరో సుగుణం ఉన్నది. తిన్నాక దాన్ని పెరట్లో పారేస్తే ఆవు తింటుంది, లేదా కుళ్లి ఎరువవుతుంది. ప్లాస్టిక్ కుళ్లదు. అది కాలువల్లోకి, కాలువల నుంచి గోదావరిలోకి, అక్కడ నుంచి సముద్రంలోకి పోతుంది. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు, చెంచాలు మొదలైనవాటిని దేశమంతటా నిషేధించారు. ఆకుబుట్ట కుట్టడం తెలిసిన చెయ్యికి ఆ పళ్లెంతో అసలు పనే లేదు.

నిప్పుతో ఆటలు వద్దు

నగరం ఊరివాళ్లు నిప్పు సంగతి మరచిపోలేరు. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడ భూమిలో వేసిన సహజవాయువు గొట్టం నుంచి వాయువు బయటికి వచ్చి, అంటుకుని, పేలింది. 15 మందికి పైగా చనిపోయారు. ఇళ్లూ, కొబ్బరిచెట్లూ కాలిపోయాయి.

సహజవాయువుకు దానంతట దానికి వాసన లేదు. వంట సిలిండరులో ఉండే గ్యాసుకు కూడా తనదైన వాసన లేదు. అది కారితే మనకు తెలియాలని కుళ్లిన కంపు కొట్టే ఒక పదార్థాన్ని కావాలని అందులో కలుపుతారు. అంచేత వంటింట్లో ఆ కంపు వస్తే అగ్గిపుల్ల గీయకండి, దీపం స్విచ్చి కూడా వేయకండి, తీయకండి. తలుపులూ కిటికీలూ తెరిచి, పెద్దవాళ్లను పిలిచి, సిలిండరు కట్టేయించి, అందరూ బయటికి వచ్చేయండి.

ఆవిరి తగిలి చెయ్యి కాలితే వెంటనే మామూలు చల్లని నీళ్ల ధారకింద ఇరవై నిమిషాలు ఉంచండి. సిరా, పళ్లపొడి, నెయ్యి, మంచుగడ్డ పెట్టకండి. బొబ్బలు లేస్తే డాక్టరుగారికి చూపించాలి.

చివరగా ఒక చిన్న మాట. పొట్టిక్క తినేముందు ఈనెపుల్లలు లెక్కపెట్టండి. ఎన్ని గుచ్చారో అన్నీ బయటికి రావాలి. విరిగిన ముక్క గొంతులో గుచ్చుకుంటే ఆ రుచి అంతా మరచిపోతారు!

* * *

సెలవులు అయిపోయాయి. పట్నం కుర్రవాడు అమ్మమ్మ దగ్గర బుట్ట కుట్టడం నేర్చుకున్నాడు. మొదట కుట్టినది పిండి పోయగానే కారిపోయింది. రెండోది ఒరిగిపోయింది. వెళ్లేనాటికి వాడు గంటకు డజను బుట్టలు కుట్టగలిగేవాడు. అమ్మమ్మ ఇచ్చిన పనసాకుల కట్టను తడిగుడ్డలో చుట్టుకుని వాడు బస్సెక్కాడు.

ఇంటికి వెళ్లాక వాళ్ల చెల్లెలు కంచంలో ఉన్న ఆకుబుట్టను చూసి, "అన్నయ్యా, ఇది ఇడ్లీయే కదా! ఆకు ఎందుకు?" అని అడిగింది.

"ముందు పుల్లలు లెక్కపెట్టు. నాలుగు వైపులా నాలుగు, నడుమ ఒకటి, మొత్తం అయిదు. అవి తీసి, తిను. తరువాత చెబుతాను," అన్నాడు వాడు.